వచ్చినాడు – కేమ్: దత్తమండల సీమలో ఆంగ్ల భూతకాల బోధన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లంలోని సామాన్య భూతకాలం, అంటే ‘సింపుల్ పాస్ట్’, తెలుగు విద్యార్థికి ఎందుకు చిక్కుపడుతుందన్న ప్రశ్నకు ‘తెలుగులో జరిగిపోయిన పనికి ఒకే రూపం, ఆంగ్లంలో అనేకం’ అన్న సమాధానం తరగతి గదుల్లో వినిపిస్తుంది. ఈ సమాధానం సగమే నిజం. ఆ ‘ఒకే రూపం’ తెలుగు భాష స్వభావం కాదు. ఏ తెలుగును తరగతిలోకి రానిచ్చాం, దేన్ని గుమ్మం బయట నిలిపాం అన్న చరిత్రకు అది ఫలితం. అనంతపురం జిల్లా యాడికి ప్రాంతపు వాడుకను ఆధారంగా తీసుకుని, 1816 నాటి వ్యాకరణ రచన మొదలు నేటి వరకు ‘కేమ్’ అనే ఆంగ్ల రూపానికి ఎదురుగా నిలిచిన తెలుగు మాట ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భూతకాలం, ఆంగ్ల బోధన, దత్తమండలాలు, రాయలసీమ మాండలికం, యాడికి, వ్యతిరేకార్థక క్రియ.

ఉపోద్ఘాతం

యాడికి తాడిపత్రికి చేరువలోని మెట్ట మండలం. చెనిక్కాయ చేలు, చేనేత మగ్గాలు, ఇటీవలి దశాబ్దాల్లో సున్నపురాయి, సిమెంటు – ఇవీ ఇక్కడి బతుకుదెరువులు. వాన మొహం చాటేసిన ఏడాది బెంగళూరుకో హైదరాబాదుకో పనికి పోయే యువతీయువకులకు ఆంగ్లం అలంకారం కాదు. ఇంటర్వ్యూలో ‘కిందటి ఏడాది ఏం చేశావు?’ అన్న చిన్న ప్రశ్నకు తడబడకుండా జవాబు చెప్పగలగడం ఒక కుటుంబం సంపాదనను నిర్ణయించే సందర్భాలున్నాయి. ఆ జవాబు మొత్తం సామాన్య భూతకాలం మీదే నిలబడుతుంది.

ఆరో తరగతిలో మా ఆంగ్లోపాధ్యాయుడు నల్లబల్ల మీద ‘హి కేమ్’ అని రాసి అర్థం అడిగారు. ‘వాడు వచ్చినాడు’ అన్నాను. ‘వచ్చాడు అనాల, వచ్చినాడు కాదు’ అని దిద్దారు. ఆయనదీ మా సీమే. ఇంట్లో ఆయనా ‘వచ్చినాడు’ అనేవారే. ఆ పూట నాకు ఆంగ్లం కంటె ముందు తెలుగు దిద్దబడింది. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన చేత అలా దిద్దించిన చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

బళ్లారి కలెక్టరు చూసిన బడులు

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న భూభాగమే దత్తమండలాలు. 1808లో వీటిని బళ్లారి, కడప జిల్లాలుగా విభజించారు. తాడిపత్రి తాలూకా బళ్లారి జిల్లాలోకి వెళ్లింది. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు చేరింది. కనుక 19వ శతాబ్ది తొలి భాగంలో యాడికి ప్రాంతపు చదువుల సంగతి తెలుసుకోవాలంటే బళ్లారి కాగితాలే చూడవలసి ఉంటుంది.

ఆ కాగితాల్లో ప్రసిద్ధమైనది కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన విద్యా నివేదిక. జిల్లా జనాభా 9,27,857, బడులు 533, చదువుకునేవారు 6,641 అని ఆయన లెక్క. ఈ అంకెలను దేశీయ విద్యపై రాసినవారు తరచు ఉదాహరిస్తారు. అయితే భాషా పరిశోధకులకు అంతకంటె విలువైన పరిశీలన ఒకటి అదే నివేదికలో ఉంది. బడిలో పిల్లలు వల్లించే పుస్తకాలన్నీ పద్యాలేనని, అవి మాటలకూ వ్యవహారానికీ వాడే భాషకు పూర్తిగా భిన్నమైన భాషలో ఉన్నాయని, లిపి ఒకటే కనుక పిల్లవాడు చదవగలడు గాని అర్థం చేసుకోలేడని ఆయన రాశాడు.

కాంప్‌బెల్ ఈ మాట పైపైన చూసి రాసినవాడు కాదు. అంతకు ఏడేళ్ల ముందే, 1816లో, తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో రచించాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబానివని ప్రతిపాదించిన ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ ప్రసిద్ధ వివరణ వెలువడింది ఆ గ్రంథానికి ముందుమాటగానే. ఆంగ్ల క్రియ, తెలుగు క్రియ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించిన మనిషి, తాను పాలించే జిల్లాలో పిల్లవాడి నాలుక మీద రెండు తెలుగులు ఉన్నాయని గుర్తించాడన్నమాట. పద్యంలో ‘వచ్చె’, ‘పలికె’, ‘చనియె’, ఇంట్లో ‘వచ్చినాడు’. తరువాతి కాలంలో ఆంగ్లం మూడో గొంతుగా చేరింది. అది ఈ రెంటిలో దేని చేయి పట్టుకుంది?

‘వచ్చెను’ రాజ్యం

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడింది 1858లో. అంతకు ముందటి ఏడే, 1857లో, మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది, సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణం రెండో కూర్పు వచ్చింది. ఈ మూడింటి సామీప్యం కాకతాళీయమే కావచ్చు. ఫలితం మాత్రం స్పష్టం. విశ్వవిద్యాలయ పరీక్షలు ఆంగ్లాన్ని ఉద్యోగానికి మెట్టుగా చేశాయి. పాఠ్యపుస్తకాల్లో సూరి ప్రామాణికత స్థిరపడింది. అనువాదం ద్వారా ఆంగ్లం నేర్పే పద్ధతిలో ‘కేమ్’కు ఎదురుగా నిలిచిన మాట ‘వచ్చెను’ అయింది. 1820 నుంచి కడపలో ఉద్యోగం చేసి, అక్కడే పండితులను కూర్చోబెట్టుకుని గ్రంథాలు పరిష్కరించిన బ్రౌన్, జనం మాటను అంత గౌరవించినవాడు, ఈ పరిణామాన్ని ఆపలేకపోయాడు.

‘వచ్చితిని, వచ్చితివి, వచ్చెను, వచ్చిరి’ – ఇన్ని రూపాలకు ఆంగ్లంలో ‘కేమ్’ ఒక్కటే. నేను, నీవు, వాడు, వారు ఎవరు వచ్చినా ‘కేమ్’ కదలదు. ఈ వైపు నుంచి చూస్తే ఆంగ్లమే పేదది, తెలుగే సంపన్నం. తెలుగులో కర్తను వదిలేసినా క్రియ పురుషను చెబుతుంది. ఆంగ్లంలో కర్త లేకపోతే క్రియ మూగ. ‘వెంట్ టు మార్కెట్’ అని కర్త లేకుండా రాసే మన విద్యార్థి అజ్ఞాని కాదు. ‘అంగడికి పోయినాను’లో ‘నేను’ను క్రియ మోసినట్టే ‘వెంట్’ కూడా మోస్తుందని నమ్మినవాడు. ఆంగ్లం కూడా ఒకప్పుడు ఆ బరువు మోసింది. ప్రాచీన ఆంగ్లంలో బహువచన భూత రూపానికి వేరే ప్రత్యయం ఉండేది. 1611 నాటి బైబిలు అనువాదంలో ‘దౌ’ అనే మధ్యమ పురుష ఏకవచనానికి ‘కేమెస్ట్’ అన్న రూపం ఇంకా కనిపిస్తుంది. ‘దౌ’తో పాటు అదీ వాడుకలోంచి జారిపోయింది.

కాలాన్ని కోసే తీరు

సంస్కృత వ్యాకరణం చదివిన పండితుడికి జరిగిపోయిన కాలం మూడు ముక్కలు. ఈ రోజుది కాని భూతానికి లఙ్. తాను చూడని, పరోక్షమైన భూతానికి లిట్. మిగిలిన సామాన్య భూతానికి లుఙ్. పాణిని ఈ విభాగానికి కొలతగా తీసుకున్నవి ‘ఈ రోజు’, ‘కళ్లారా చూడడం’.

19వ శతాబ్దిలో ఆంగ్ల వ్యాకరణానికి ప్రమాణంగా చలామణి అయిన లిండ్లీ మర్రే పుస్తకం మొదట వచ్చింది 1795లో. నేడు మనం సింపుల్ పాస్ట్ అంటున్నదానికి మర్రే పెట్టిన పేరు ‘ఇంపర్‌ఫెక్ట్’, అంటే అసంపూర్ణం! లాటిన్ వ్యాకరణపు చొక్కాను ఆంగ్లానికి తొడిగిన ఫలితమిది. ‘హాజ్ కమ్’ వంటి రూపానికి ‘పర్‌ఫెక్ట్’ అన్న పేరు. ముగిసిపోయిన పనిని చెప్పే రూపానికి అసంపూర్ణమని, ఇప్పటితో ఇంకా ముడి తెగని రూపానికి సంపూర్ణమని పేర్లు ఉంటే, ఆ పేర్లను అనువదించుకుని బట్టీపట్టే విద్యార్థి ఎటు పోవాలి?

‘సింపుల్’ అన్న మాట వచ్చాక మనం దాన్ని ‘సామాన్య భూతం’ అన్నాం. లుఙ్ లకారానికి కూడా అదే పేరు. పేరు ఒకటైనా ప్రవర్తన వేరు. లుఙ్ ఈ రోజు జరిగిన పనికి పనికివస్తుంది. ఆంగ్లంలో ‘ఈ రోజు’ ఇంకా గడవకుండా ఉంటే, దానితో ముడిపడిన పనికి ‘హాజ్ కమ్’ వైపు మొగ్గుతారు, ‘నిన్న’ అన్న మాట రాగానే ‘కేమ్’ తప్ప మరొకటి చెల్లదు. ఈ లెక్కన ఆంగ్ల సామాన్య భూతానికి దగ్గరి చుట్టం సామాన్య భూతమైన లుఙ్ కాదు, అనద్యతన భూతమైన లఙ్. ఇటువంటి ‘నేటిది కానిది’ అన్న కొలత యూరపులోనూ ఉండేది. 1660లో పారిస్‌లో వెలువడిన పోర్ట్ రాయల్ వ్యాకరణం ఫ్రెంచి భూతరూపాల్లో ఒకదాన్ని కనీసం ఒక్క రోజు దూరమైన పనికే వాడాలని నియమం చెప్పింది. పాణినిని ఆ ఫ్రెంచి పండితులు చదివి ఉండరు. కాలాన్ని రోజుతో కొలవడం మనిషికి సహజం కాబోలు.

ఆంగ్లం కోసేది రోజుతో కాదు, ముగిసిన కాలపరిధితో. ‘నిన్న’, ‘1882లో’, ‘పోయిన కారులో’, ‘మా జేజి ఉన్నప్పుడు’ – పనికి కేటాయించిన కాలం తలుపు మూసుకుంటే సామాన్య భూతం. పని ఎంత దూరాన జరిగిందన్నది ముఖ్యం కాదు. అయిదు నిమిషాల కింద జరిగినా ‘అయిదు నిమిషాల కింద’ అని చెప్పిన క్షణాన తలుపు మూసుకున్నట్టే. ఈ ఒక్క సూత్రం విద్యార్థికి పట్టుబడితే సగం తప్పులు వాటంతట అవే రాలిపోతాయి.

రూపాల విషయంలో ఎక్కువ చెప్పనక్కర లేదు. అక్షరాలు మార్చుకునే ‘కమ్–కేమ్’, ‘సింగ్–శాంగ్’ వంటివి జర్మానిక్ భాషల పురాతన అచ్చుమార్పుకు వారసులు. ‘ఎడ్’ చేరే క్రియలు తరువాత బలపడినవి. ఆ ‘డ్’ మూలంలో ‘చేయు’ అన్న అర్థమిచ్చే ధాతువు ఉందని ఒక వాదం. ‘గో’కు భూతరూపంగా నిలిచిన ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే మరో క్రియది. అచ్చుమార్పు క్రియలు శతాబ్దాలుగా ‘ఎడ్’ గుంపులోకి జారుతూ వచ్చాయి. ‘హెల్ప్’కు ‘హోల్ప్’ అన్న పాత భూతరూపం ఉండేదంటే నేటి ఆంగ్లేయులే ఆశ్చర్యపోతారు. ఉచ్చారణలో ‘ఎడ్’ మూడు విధాలన్నది మన బడుల్లో చెప్పరు. ‘వాక్ట్’ అనవలసిన చోట ‘వాక్‌డ్’ అనో ‘వాకెడ్’ అనో పలుకుతాం. రాత చూసి పలికే అలవాటు అది; నోటిలో పుట్టిన దోషం కాదు.

‘వచ్చెను’ పోయి ‘వచ్చాడు’ వచ్చిన వైనం

1907 ప్రాంతంలో ఉత్తర కోస్తాలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకూ జనం తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని ఆరా తీశాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల చొరవకు ఈ ప్రశ్న తోడైంది. మాతృభాష మాటలు అడ్డుపెట్టకుండా ఆంగ్లాన్ని ఆంగ్లంలోనే నేర్పాలన్న కొత్త పద్ధతిపై ఆసక్తి ఉన్న అధికారే తెలుగు విషయంలో వాడుక భాష ఎందుకు వద్దని అడగడం గమనార్హం. రెండు భాషల బోధనా సమస్య ఒకటేనని ఆయన గ్రహించినట్టుంది. తరువాతి వాదోపవాదాలు, 1914 నాటి గురజాడ అసమ్మతి పత్రం పాఠకులకు తెలిసినవే.

వ్యావహారికోద్యమం గెలిచింది. ఎవరి వ్యవహారం గెలిచిందన్నది వేరే ప్రశ్న. ఆధునిక ప్రమాణ భాషగా స్థిరపడింది ప్రధానంగా కృష్ణా, గోదావరి మండలాల చదువుకున్నవారి మాట. పాఠంలో ‘వచ్చెను’ పోయింది. దాని స్థానంలోకి యాడికి పిల్లవాడి ‘వచ్చినాడు’ రాలేదు, ‘వచ్చాడు’ వచ్చింది. పరాయి మాట స్థానంలో మరో పరాయి మాట.

ఇక్కడ అనంతపురానికి సంబంధించిన ఒక పేరు తలచుకోవాలి. 1916లో ఏర్పడిన దత్తమండల కళాశాలలో తెలుగు పండితుడుగా పనిచేసిన చిలుకూరి నారాయణరావు ఉత్తర కోస్తా నుంచి వచ్చినవాడు, వ్యావహారిక వాది. 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అన్న పేరు సూచించింది ఆయనే. 1937లో వచ్చిన ఆయన ఆంధ్ర భాషా చరిత్రము తెలుగును ప్రాకృత జన్యమని వాదించింది; ఆ వాదం నిలబడలేదు. కాని ఆ గ్రంథంలోని సామగ్రి, శాసన రూపాల సేకరణ, నేటికీ పనికివస్తుంది. సీమకు పేరు పెట్టిన పండితుడు సీమ భూతకాలానికి పాఠ్యపుస్తకంలో చోటు సంపాదించలేకపోయాడని అనుకుంటే అన్యాయం. ఆ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడిన తరువాత ‘నిర్మాణ పద్ధతి’ ప్రబలింది. వాక్య నమూనాలను పదేపదే అనిపించి అలవాటు చేయడం, మాతృభాషను దూరంగా ఉంచడం దాని పోకడ. పద్ధతి శాస్త్రీయమే కావచ్చు. మా పల్లె బడుల్లో మాత్రం ఆంగ్లోపాధ్యాయుడే నమూనాను తెలుగులో అర్థం చెప్పుకుని దాటించేవాడు. ఆ అర్థం చెప్పే తెలుగు ‘వచ్చాడు’ తెలుగే. 2019లో ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం ఉత్తర్వు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టివేయడం, ఆపైన సాగిన వివాదం మాధ్యమం ఏది ఉండాలన్న దాని చుట్టూ తిరిగాయి. ఏ మాధ్యమంలోనైనా అర్థం చెప్పడానికి వాడే తెలుగు ఎవరిదన్న ప్రశ్న ఆ రభసలో వినపడలేదు.

యాడికి మాటలో భూతకాలాలు

1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటంలో భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించారు. యాడికి దక్షిణ మండలంలోది. ఇక్కడి ‘వచ్చినాడు’లో ఉన్న ‘ఇన’ చాలా పాతది. కడప జిల్లాలో, అంటే యాడికికి తూర్పున పొరుగు నేలమీదే, దొరికిన ఎఱ్ఱగుడిపాడు శాసనంలో ‘ఇచ్చిన’ అన్న భూతకాల క్రియాజన్య విశేషణం ఉంది. రేనాటి చోళుల నాటి ఆ శాసనాన్ని క్రీ.శ. 6వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినదిగా భావిస్తారు. ఆ ‘ఇన’కు సర్వనామం చేరి ‘వచ్చిన వాడు’ కాస్తా ‘వచ్చినాడు’ అయిందన్నది వివరణ. తీరాంధ్రలో నకారం జారి ‘వచ్చాడు’ అయింది. నాకు ఆరో తరగతిలో తప్పన్నది పాత రూపం, ఒప్పన్నది దాని నలిగిన రూపం.

ప్రాచీనత ఒక్కటే అయితే ఇంత రాయనక్కర లేదు. ఇక్కడి మాటలో భూతార్థానికి ఒకటి కంటె ఎక్కువ రూపాలు సజీవంగా ఉన్నాయన్నది ముఖ్యం. పాఠకుడు ఒక చెనిక్కాయ చేను ఊహించుకోవాలి. వాన రాని సంవత్సరం ఆ చేను గురించి యాడికి రైతు మూడు రకాలుగా చెప్పగలడు. ‘చేను ఎండిపాయ’ అంటే ఆ సంఘటన జరిగింది, అయిపోయింది. ‘చేను ఎండిపోయింది’ అన్నది మామూలు కథనం. ‘చేను ఎండిపోయిండాది’ అంటే ఎండిన స్థితిలో ఇప్పుడు నిలిచి ఉంది, పోయి చూడవచ్చు. మనిషి విషయంలో ‘మామ వచ్చినాడు’, ‘మామ వచ్చిండాడు’ అన్న భేదం ఇటువంటిదే. రెండోది చెబితే మామ ఇంట్లో కూర్చుని ఉన్నాడని, కాళ్లకు నీళ్లియ్యాలని అర్థం. ‘వచ్చినాడు’ అంటే వచ్చి వెళ్లిపోయి కూడా ఉండవచ్చు. ‘వచ్చి’కి ఇక్కడి ‘ఉండాడు’ చేరి ఏర్పడిన రూపమది; తెలంగాణలో ‘వచ్చిండు’ అంటే వచ్చాడని మాత్రమే, ఆ రెంటినీ ఒకటిగా పొరబడరాదు.

‘పాయ’, ‘వచ్చె’, ‘అయిపాయ’ అన్నవాటిలో మరో విశేషం. పద్యాల్లోని ‘పోయె’, ‘వచ్చె’ కాంప్‌బెల్ నాటి పిల్లవాడికి పరాయివని అనుకున్నాం. పూర్తిగా పరాయివి కావు. ‘బస్సు పాయ’ అని నేటికీ రాయలచెరువు కూడలిలో వినవచ్చు. ‘వచ్చితిని’ వంటివి నోటి నుంచి మాయమైనా, అమహత్తులో ఆ పాత రూపం బతికే ఉంది.

ఇప్పుడు ఆంగ్లానికి వద్దాం. ‘కేమ్’, ‘హాజ్ కమ్’ అన్న భేదం తెలుగువాడికి లేదని ఏ ఆధారంతో అంటాం? ‘వచ్చాడు’ ఒక్కటే తెలిసిన పాఠం రెండు ఆంగ్ల రూపాలకూ ఒకే అర్థం రాసింది. ‘వచ్చినాడు’, ‘వచ్చిండాడు’ అని పక్కపక్కన రాసిన పాఠం ఏదీ నాకు తారసపడలేదు. విద్యార్థికి పుట్టుకతో వచ్చిన భేదాన్ని గుమ్మం బయట వదిలేయమని, ఆ తరువాత అదే భేదాన్ని పరాయి భాషలో సూత్రాలతో నేర్పుతున్నాం.

ఈ సామ్యాన్ని మరీ సాగదీయకూడదు. ‘మామ నిన్ననే వచ్చిండాడు’ అని యాడికిలో నిరభ్యంతరంగా అంటారు. నిన్న వచ్చి ఇప్పటికీ ఉన్నాడని అర్థం. ఆంగ్లంలో ‘యెస్టర్‌డే’ పక్కన ‘హాజ్ కమ్’ చెల్లదు. ‘మై అంకుల్ హాజ్ కమ్ యెస్టర్‌డే’ అని మా విద్యార్థులు రాసే వాక్యం ఇక్కడి నుంచే వస్తున్నదని నా అభిప్రాయం. అంటే ఆ తప్పు భేదం తెలియక చేసింది కాదు. భేదం తెలిసి, దాని హద్దు ఆంగ్లంలో వేరే చోట ఉందని తెలియక చేసింది. తెలియనివాడికి చెప్పే పాఠం వేరు, హద్దు పొరబడినవాడికి చెప్పే పాఠం వేరు. రెండోది పది నిమిషాల పని: స్థితి ఇప్పుడు ఉన్నా సరే, నిన్న అన్న మాట వచ్చిందంటే తలుపు మూసుకుందని చెబితే చాలు.

‘రాలేదు’, ‘డిడ్ నాట్ కమ్’

మన విద్యార్థులు అత్యధికంగా చేసే తప్పు ‘డిడ్ నాట్ కేమ్’. ప్రశ్నలో ‘డిడ్ హి కేమ్?’. భూతకాలం కనుక క్రియ కూడా భూతరూపంలో ఉండాలన్న తర్కం సబబుగానే ఉంది. ‘డిడ్ తరువాత మొదటి రూపం రాయాలి’ అన్న సూత్రం బట్టీపడతారు, పరీక్షలో రాస్తారు, మాట్లాడేటప్పుడు మరిచిపోతారు.

ఆంగ్లానికి ఈ ‘డిడ్’ మొదటి నుంచీ లేదు. ‘హి కేమ్ నాట్’ అనడమే పాత పద్ధతి. 15, 16 శతాబ్దాల్లో ‘డూ’ సహాయక్రియగా పాకింది. షేక్‌స్పియర్ నాటకాల్లో రెండు రకాలూ కలగలిసి ఉంటాయి. 1611 బైబిలులో ‘నాట్’ నేరుగా క్రియ వెనక చేరే వాక్యాలు కొల్లలు. 18వ శతాబ్దికి గాని నేటి నియమం గట్టిపడలేదు. కాలాన్ని మోసే పని ‘డిడ్’ తీసుకుంది కనుక ప్రధాన క్రియ బరువు దించుకుని మూలరూపంలో నిలిచింది.

ఇప్పుడు తెలుగు చూద్దాం. ‘వచ్చినాడు’కు వ్యతిరేకం ఏమిటి? ‘వచ్చినలేదు’ అని ఏ పసిబిడ్డా అనడు. ‘రాలేదు’ అంటాడు, యాడికిలో ‘రాలే’ అని, ‘రాల్యా’ అని కూడా. ‘వచ్చు’ ధాతువు భూతరూపాన్ని వదిలి తుమున్నర్థక రూపమైన ‘రా’ దగ్గరికి వెనుదిరిగింది. పురుష, వచన ప్రత్యయాలు కూడా రాలిపోయాయి: నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్లు రాలేదు. ‘పోయినాడు’కు ‘పోలేదు’, ‘తిన్నాడు’కు ‘తినలేదు’. సంప్రదాయసిద్ధమైన ‘రాడు, రాను, రాదు’ అన్న వ్యతిరేక రూపాల్లో పురుష ఉంది గాని కాలం ప్రత్యేకంగా లేదు. భూతార్థం కచ్చితంగా చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగు ‘లేదు’ అనే సహాయక్రియను ఆశ్రయించి, అసలు క్రియను మూలానికి పంపింది. సంబంధం లేని రెండు కుటుంబాల భాషలు వేర్వేరు దారుల్లో నడిచి ఒకే ఏర్పాటుకు చేరాయి. ‘డిడ్ నాట్’ పక్కన ‘కమ్’ నిలిచినట్టే ‘లేదు’ పక్కన ‘రా’ నిలుస్తుంది.

తరగతిలో నేను ఈ మధ్య సూత్రం చెప్పడం మానేశాను. తెలుగు శాఖలో పనిచేసేవాడిని కనుక ఆంగ్లం చెప్పే అధికారం నాకు లేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు అడిగితే మాత్రం కూర్చుంటాను. ‘వచ్చినలేదు అంటావా?’ అని అడుగుతాను, నవ్వుతారు. ‘అయితే డిడ్ నాట్ కేమ్ కూడా అంతే’ అంటాను. ఆ నవ్వు చేసే పని సూత్రం చేయడం నేను చూడలేదు. ప్రశ్నార్థకంలో మాత్రం ఈ ఉపాయం సాగదు. ‘వచ్చినాడా?’ అన్నప్పుడు తెలుగు భూతరూపాన్ని అలాగే ఉంచి చివర అచ్చు సాగదీస్తుంది. ఆంగ్లం ‘డిడ్’ను ముందుకు తెస్తుంది. అక్కడ రెండు భాషలూ విడిపోతాయి, అక్కడ అభ్యాసమే గతి.

ఒకసారి ఎండిన చేను గురించి చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, ‘ఎండిపోయిందికి డ్రైడ్ అప్, ఎండిపోయిండాదికి హాజ్ డ్రైడ్ అప్, మరి ఎండిపాయకు ఏమి సార్?’ అని అడిగింది. రూపంలో అది ‘డ్రైడ్ అప్’ తప్ప మరొకటి కాదు. కాని ‘పాయ’ అన్నప్పుడు గొంతులో దిగే బరువు, ఇక చేసేదేమీ లేదన్న ఒప్పుకోలు, ‘ఎడ్’లో ఎక్కడ చేరుతుంది? ‘డ్రైడ్ అప్’ అనే రాయమన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. పక్కన తెలుగులో ‘పాయ’ అని కూడా రాసుకుంది.